టార్నీట్‌లో కరివేపాకు గొయ్యి

(మెల్‌బోర్న్ నగరానికి పడమటి శివారు, పాతిక కిలోమీటర్ల దూరంలో టార్నీట్. అక్టోబరు నెల, ఉదయం పదిన్నర. కొడుకూ కోడలూ ఆఫీసులకి, మనవరాలు బడికి వెళ్ళిపోయారు. తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన పెరట్లో గునపం పట్టుకుని ఉన్నారు. పెరడంటే మరేం లేదు, ఇంటి గోడకీ చెక్క కంచెకీ మధ్య రెండు నవారు మంచాలు పట్టే జాగా. ఆవిడ కుర్చీ వేసుకుని బీన్స్ ఈనెలు తీస్తున్నారు. పక్కన చిన్న ప్లాస్టిక్ తొట్టెలో ఆరు రెమ్మల కరివేపాకు మొక్క.)

ఆవిడ: ఏమండీ, ఇందాకటి నుంచీ చూస్తున్నాను. జానెడు కూడా దిగలేదేం?

ఆయన: దిగుతుంది, ఉండు. కృష్ణా డెల్టాలో ముప్ఫై ఏళ్ళు కాలవలు తవ్వినవాణ్ణి, నాకు చెప్పకు.

ఆవిడ: తవ్వించారు. తవ్విన వాళ్ళు వేరే. మీరు గొడుగు కింద నిలబడి కొలతలు రాసుకున్నారు.

ఆయన: కొలత లేకపోతే కాలవ ఎటు పోతుందో తెలుసా నీకు?

ఆవిడ: ముందు గునపం ఎటు పోతోందో చూసుకోండి. బొటనవేలు ఉంది అక్కడ.

(ఠంగుమని మోత.)

ఆయన: ఇదిగో, మళ్ళీ రాయి.

ఆవిడ: కాస్త పక్కకి తవ్వండి.

ఆయన: పక్కనా రాయే. మెల్‌బోర్న్‌కి పడమటంతా ఒకప్పుడు లావా పారి చల్లారిన మైదానమట. పార్కులో కరీంనగర్ మాస్టారు చెప్పాడు. పైన రేగడి, కింద నల్లరాయి. ఈ రేగడి మన తెనాలి రేగడి లాంటిదే. ఎండకి పగులుతుంది, వానకి ఉబ్బుతుంది. అందుకే ఇక్కడ లోతుగా పునాదులు తీయకుండా, కాంక్రీటు పలక పోసి దాని మీద ఇల్లు కూర్చోబెడతారు.

ఆవిడ: మరి ఇల్లు కట్టేటప్పుడు రాయి కొట్టామని అబ్బాయి దగ్గర డబ్బు తీసుకున్నారుగా?

ఆయన: అది ఇంటి కింద రాయి. పెరట్లో రాయి, స్థలమూ ఇల్లూ కలిపి అమ్మిన ప్యాకేజీలో రాదు.

ఆవిడ: ఆ ప్యాకేజీలో ఏమొచ్చిందో అదైనా చెప్పండి. కిటికీలకి దోమతెర ఎక్‌స్ట్రా, లోపల తెర ఎక్‌స్ట్రా, గేటు నుంచి గరాజ్ దాకా సిమెంటు ఎక్‌స్ట్రా. పెళ్ళివారికి విస్తరి వేసి, అన్నం విడిగా కొనుక్కోమన్నట్టు.

ఆయన: స్థలం చూడవే. మూడు వందల యాభై చదరపు మీటర్లు. అంటే నాలుగు వందల పద్దెనిమిది గజాలు. ఎనిమిదిన్నర సెంట్ల పైమాటే. తెనాలిలో ఇవాళ ఎనిమిదిన్నర సెంట్లు కొనగలమా?

ఆవిడ: తెనాలిలో మనది నాలుగు సెంట్లే. అందులో కొబ్బరిచెట్టు, జామచెట్టు, నుయ్యి, మీ అమ్మగారు, అందరూ పట్టారు. ఇక్కడ కరివేపాకు మొక్కకి చోటు లేదు.

ఆయన: ఇక్కడ ఇల్లు పెద్దది.

ఆవిడ: ఇల్లు కాదు, గరాజ్ పెద్దది. రెండు కార్లూ పొద్దున్నే వెళ్ళిపోతాయి. రోజంతా కాపలా మనం.

(ఆయన గునపం వదిలి నడుం పట్టుకుంటారు. ఆవిడ మంచినీళ్ళు ఇవ్వరు, చూపిస్తారు.)

ఆయన: నీకు ఈ ఊళ్ళో ఒక్కటీ నచ్చదే! ఎదుగుతున్న ఊరు. 2016 జనాభా లెక్కల్లో ముప్ఫై అయిదు వేలు కూడా లేరట. 2021కి యాభై ఆరు వేలు దాటారు. మనం కళ్ళతో చూస్తూండగా ఊరు పుడుతోంది.

ఆవిడ: పురిటి నొప్పులు మనకి. ఎటు చూసినా బోర్డులే. బడి వస్తోంది, షాపులు వస్తున్నాయి, పార్కు వస్తోంది. వచ్చింది మాత్రం మనమే.

ఆయన: స్టేషన్ రాలేదూ? 2015 జూన్‌లోనే వచ్చింది. రైలెక్కితే అరగంటలో సిటీ.

ఆవిడ: ఎక్కితే. ఏడు దాటితే స్టేషన్లో కారు పెట్టే చోటుండదని వాడు చీకటితో లేచి పోతున్నాడు. జీలాంగ్ ఊరి నుంచి కిక్కిరిసి వచ్చే రైలు. సీటు దొరికిన రోజు ఇంటికొచ్చి స్వీటు తెచ్చినట్టు చెబుతాడు.

ఆయన: టార్నీట్ వెస్ట్ అని ఇంకో స్టేషన్ కడుతున్నారు. కరెంటు రైలు కూడా...

ఆవిడ: వస్తుంది.

ఆయన: అవును, వస్తుంది.

ఆవిడ: గుడి కూడా వస్తుందన్నాడు మీ అబ్బాయి. రెండేళ్ళలో దగ్గర్లోనే గుడి వస్తుందమ్మా అన్నాడు. మొన్న వెంకటేశ్వరస్వామిని చూద్దామంటే కారమ్ డౌన్స్ తీసుకెళ్ళాడు. సిటీకి ఇటు చివర మనం, అటు చివర ఆయన. వెస్ట్‌గేట్ వంతెన మీద ట్రాఫిక్‌లోనే నా సహస్రనామం అయిపోయింది. ఇక గుడిలో ఏం చదవను? ఊరికే నిలబడి ప్రసాదం తిని వచ్చాను.

ఆయన: పులిహోర రెండుసార్లు తిన్నావు.

ఆవిడ: అందులో కరివేపాకు ఉంది కాబట్టి. ఇక్కడ షాపులో గుప్పెడు ఆకు ధర చూశారా? ఆ ధరకి తెనాలి మార్కెట్లో బండెడు కరివేపాకు వస్తుంది. కోడలు పోపులో ఆకులు లెక్కపెట్టి వేస్తోంది. ఒక్కొక్కరికి ఒకటి. నిన్న నా ఆకు మీ కంచంలోకి వచ్చింది.

ఆయన: తీసి ఇచ్చానుగా!

ఆవిడ: నమిలి ఇచ్చారు.

(ఠంగుమని మళ్ళీ మోత. కంచె అవతల కుక్క మొరుగుతుంది. ఇద్దరూ ఒక్క క్షణం ఆగుతారు. ఇక్కడ పొద్దున పూట వీధిలో వినిపించే శబ్దం ఇదొక్కటే అని రాయాలనుంది గానీ, నిజానికి మూడిళ్ళ అవతల ఇల్లు కడుతున్న వాళ్ళ మేకుల తుపాకీ పొద్దున ఏడింటి నుంచీ మోగుతూనే ఉంది.)

ఆవిడ: ఏమండీ, అక్కడ గడ్డిలో ఏదో కదిలింది.

ఆయన: నీళ్ళ పైపు.

ఆవిడ: పైపు కదులుతుందా? పాములు బయటికొచ్చే కాలమట. టైగర్ స్నేక్, బ్రౌన్ స్నేక్ రెండూ ఉన్నాయట ఇటువైపు. పొలాలు చదును చేస్తుంటే పాపం అవెక్కడికి పోతాయి?

ఆయన: వస్తే భయపడకు. పాములు పట్టేవాడికి ఫోన్ చెయ్యాలి. చంపితే మాత్రం నేరం ఇక్కడ.

ఆవిడ: మరి అది మనల్ని కరిస్తే?

ఆయన: దానికి నేరం కాదు.

ఆవిడ: బాగుంది. పిట్ట తన్నినా మనమే తల దాచుకోవాలి, పాము కరిచినా మనమే సర్దుకోవాలి.

ఆయన: మ్యాగ్‌పై సంగతి ఎత్తకు.

ఆవిడ: ఎందుకెత్తను? నలుపూ తెలుపూ పిట్ట ఒక్కసారి నెత్తిన తన్నిందని, మనవరాలి గులాబీ రంగు హెల్మెట్ పెట్టుకుని వాకింగ్‌కి వెళ్ళిన రిటైర్డ్ ఇంజనీరు ప్రపంచంలో మీరొక్కరే.

ఆయన: వసంతంలో గుడ్లు పెట్టే కాలం దానికి. గుర్తుపెట్టుకుని మరీ తంతుందట. కరీంనగర్ మాస్టారు...

ఆవిడ: ఆయనకి తెలియనిది లేదుగా! నిన్న దారి తప్పినప్పుడు ఆ మాస్టారేమయ్యారు?

ఆయన: నేను దారి తప్పలేదు.

ఆవిడ: తప్పకపోతే వేరేవాళ్ళింట్లో ఎందుకు కూర్చున్నారు?

ఆయన: ఇళ్ళన్నీ ఒకటే కదే! అదే బూడిద రంగు ఇటుక, అదే నల్ల గరాజ్ తలుపు, పోస్టు డబ్బా కింద అవే తెల్ల గులకరాళ్ళు. ఎవరికైనా పొరపాటే.

ఆవిడ: నంబరు చూసుకోవాలి.

ఆయన: చూశాను. నంబరు మనదే. వీధి వేరు.

ఆవిడ: తలుపు తీసింది కోడలు కాదని తెలియలేదా?

ఆయన: తీసింది పెద్దావిడ, పంజాబీ. నన్ను చూడగానే ‘హెల్మెట్ వాలే భాయీసాబ్’ అని నవ్వి లోపలికి పిలిచింది. పిలిచాక రాననడం మర్యాదా?

ఆవిడ: పిలిస్తే కూర్చున్నారు. సరే. టీ తాగారు. సరే. పరోటా కూడానా?

ఆయన: ఒకటే.

ఆవిడ: ఆవిడ రెండన్నది.

ఆయన: నీకెవరు చెప్పారు?

ఆవిడ: ఆవిడే. సాయంత్రం పార్కులో కలిసింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. మొగుళ్ళ గురించి మాట్లాడుకోవడానికి భాషెందుకు?

(ఆయన గునపం రాతి పక్కన దూర్చి, బరువంతా వేసి పైకి ఎత్తుతారు. మట్టి నోరు తెరుస్తుంది. పొత్రమంత నల్లరాయి బయటికి దొర్లుతుంది. ఆయన దాని పక్కనే కూలబడతారు.)

ఆయన: వచ్చింది! చూడు, వచ్చింది! మోకాటి లోతు గొయ్యి. తే మొక్క.

ఆవిడ: ఉండండి, దానికి కట్టిన చీటీలో ఏం రాశారో చదవండి. నా కళ్ళద్దాలు లోపలున్నాయి.

ఆయన: (చదువుతూ) ఎండ తగిలే చోట ఉంచండి... నీళ్ళు నిలవనివ్వకండి... చలి ఎక్కువున్న చోట్ల... చలి ఎక్కువున్న చోట్ల కుండీలో పెంచి, చలికాలం లోపల పెట్టుకోండి.

ఆవిడ: ఆఁ, అదే. పక్కింటి గుజరాతీ అమ్మాయి కూడా అదే చెప్పింది. నేల మీద నాటితే జులైలో మంచుకి మాడిపోతుందట.

ఆయన: ఎప్పుడు చెప్పింది?

ఆవిడ: పొద్దున.

ఆయన: పొద్దున ఎప్పుడు?

ఆవిడ: మీరు బూట్లు వేసుకుంటున్నప్పుడు.

(నిశ్శబ్దం. మేకుల తుపాకీ కూడా సరిగ్గా ఇప్పుడే ఆగింది.)

ఆయన: తెలిసి కూడా నాతో ఇంత గొయ్యి తవ్వించావా?

ఆవిడ: వాకింగ్‌కి పంపితే ఎవరింట్లో తేలతారో తెలియదు. ఇవాళ ఆ పంజాబీ ఆవిడ ఊళ్ళో లేదు, కూతురింటికి మెల్టన్ వెళ్ళింది. మీరు తలుపు కొడితే తీసేదెవరు? గొయ్యిలో ఉంటే మనిషి కళ్ళముందుంటాడు.

ఆయన: నడుం విరిగింది నాకు!

ఆవిడ: కాలవలు తవ్విన నడుమేగా.

ఆయన: పార్కులో నాకోసం ఎదురు చూస్తుంటారు తెలుసా? పైగా ఇవాళ ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు ఏరే రోజు.

ఆవిడ: ఆ మాట నలుగురిలో అనకండి. ఇంజనీరుగారు డబ్బాలు ఏరుతున్నారని తెనాలికి తెలిస్తే...

ఆయన: డబ్బాకి పది సెంట్లు వాపసు ఇస్తుంది మెషీను. 2023 నవంబరు నుంచి ఇక్కడ పద్ధతే అది. పది సెంట్లంటే ఐదు రూపాయల పైమాట.

ఆవిడ: ఇప్పుడే ఎనిమిదిన్నర సెంట్ల స్థలం అని గొప్పలు పోయారు. ఈ సెంట్లకీ ఆ సెంట్లకీ తేడా తెలియకుండా పోయింది మీకు. సరే, రాయి సంగతేమిటి?

ఆయన: బిన్‌లో వేస్తాను.

ఆవిడ: ఏ బిన్? ఎర్రమూత చెత్తకి. పచ్చమూత ఆకూ అలమకి. పసుపుమూత కాగితాలకీ సీసాలకీ. రాయికి మూత లేదు. రాళ్ళు వేస్తే ఎత్తుకుపోరట కూడా.

ఆయన: మళ్ళీ గోతిలోనే పడేస్తా.

ఆవిడ: వద్దు. ఇంటి ముందు పెట్టండి, పోస్టు డబ్బా పక్కన. మీకు ఇల్లు గుర్తుంటుంది.

ఆయన: ఈ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఇలాంటి నల్లరాళ్ళే ఉన్నాయి. అందరూ తవ్వినవాళ్ళే.

ఆవిడ: అయితే పసుపు రాసి బొట్టు పెడతాను. పసుపు రాసిన రాయి ఈ ఊళ్ళో ఇంకెవరింటి ముందుంటుంది?

ఆయన: నీకేమైనా మతి పోయిందా? పసుపూ కుంకుమా చూస్తే ఆగకుండా పోయేవాళ్ళా మన జనం? ఒకరు దణ్ణం పెడతారు, ఇంకొకరు చిల్లర వేస్తారు, శనివారానికి ఎవరో ప్రదక్షిణ మొదలుపెడతారు.

ఆవిడ: పెట్టనివ్వండి. దగ్గర్లోనే గుడి వస్తుందన్నాడుగా అబ్బాయి. వాడి మాట దక్కుతుంది.

ఆయన: కౌన్సిల్ వాళ్ళొచ్చి అడిగితే?

ఆవిడ: మీ ఇంజనీరు భాషలో చెప్పండి, సర్వే రాయి అని. పదండి, లేవండి, ముందు దాన్ని కడగాలి. ఆఁ, మర్చిపోతాను, ఎవరైనా కొబ్బరికాయ కొడితే ఒక చిప్ప ఇటు ఇచ్చి వెళ్ళమనండి. ఈ బీన్స్‌లోకి సరిపోతుంది.