సవరణ: బాధను కాగితం మీద పెట్టడం ఎన్నాళ్లు, ఎంతసేపు?

“మనసులో బరువు దిగేదాకా బాధ గురించి రోజూ రాస్తూనే ఉండండి” అని కిందటి పోస్టులో చెప్పాం. అది తప్పు, క్షమించండి. 1986లో మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ పరీక్షించిన పద్ధతిలో రాసేది రోజుకు 15 నిమిషాలు, వరుసగా 4 రోజులు, అంతే. గడువు లేకపోతే అదే బాధ అవే మాటల్లో గిరగిరా తిరుగుతుంది; పేజీలు నిండుతాయి గానీ ముడి విడదు.

ఫోన్‌లో అలారం పెట్టుకోండి. కొట్టివేతలు, తప్పొప్పులు చూడొద్దు, పెన్ను ఆగకూడదు; మాట తోచకపోతే పై వాక్యాన్నే మళ్లీ రాయండి. జరిగింది ఒక్కటే రాస్తే చాలదు, అప్పుడు ఏమనిపించిందో కూడా రావాలి.

రాసిన వెంటనే దిగులు పెరగడం మామూలే. కానీ ఒళ్లు వణికినా, ఊపిరి ఆడనట్టున్నా అక్కడే ఆపేయండి. నిన్నమొన్న జరిగిన చావు గురించైతే ఇప్పుడే వద్దు, కొన్ని వారాలు ఆగండి. కాగితం దాచనక్కర్లేదు, చింపేయొచ్చు.