అద్దె నెలనెలా, ఆదరణ అప్పుడప్పుడూ

పేదవాడి చేతిలో ప్రభుత్వం డబ్బు పెడితే అతని నెత్తిన కప్పు నిలుస్తుందా అన్న ప్రశ్నకు, కరోనా కాలంలో అమెరికా తన ఖర్చుతో ఒక ఘనమైన ప్రయోగం చేసింది. 2020 మార్చి 27న చట్టం చేసి పెద్దలకు తలా 1,200 డాలర్లు, పదిహేడేళ్లు నిండని పిల్లలకు తలా 500 డాలర్లు మంజూరు చేసిన ఆ ప్రభుత్వం, ఆపైన సరిగ్గా నవమాసాలు మోసి, డిసెంబరు 27న మరో 600 డాలర్లను ప్రసవించింది. ఈ మధ్యకాలంలో అద్దె మాత్రం మర్యాద లేకుండా ప్రతి నెలా ఒకటో తేదీన వచ్చిపడింది. దోషం నిస్సందేహంగా అద్దెదే. సాయం ఎంత నిదానంగా నడుస్తోందో చూసి అది కూడా అడుగు తగ్గించి ఉండవలసింది.

పంపకంలో పక్షపాతం జరిగిందని అనడానికి వీల్లేదు. ఏప్రిల్ నెలాఖరుకల్లా చనిపోయినవారి పేరిట దాదాపు 11 లక్షల చెల్లింపులు, సుమారు 140 కోట్ల డాలర్ల మేరకు వెళ్లాయి. ఇల్లు ఖాళీ చేయించే భయం బొత్తిగా లేని వర్గం వారొక్కరే కాబట్టి, ఆ మేరకు పథకం సంపూర్ణంగా ఫలించిందనే చెప్పాలి. హెచ్-1బీ వీసాపై పనిచేస్తూ పన్ను కట్టే మన తెలుగు ఇంజనీరు మాత్రం, సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేని భార్యతో కలిసి ఉమ్మడిగా పన్ను పత్రం దాఖలు చేసిన పాపానికి తన వాటా కూడా పోగొట్టుకున్నాడు. ఆమెతో ఏడడుగులు వేసేటప్పుడు పురోహితుడు ఈ సంగతి చెప్పలేదు. (డిసెంబరు చట్టంలో ఈ తప్పును దిద్దారు.) కాగితపు చెక్కులపై అధ్యక్షుడి పేరు అచ్చువేయించారు, ఆ విద్యలో మనకు వారు కొత్తగా నేర్పేదేమీ లేదు.

చెక్కు అందినవారికి మేలు జరగలేదని నేననను. పొయ్యి వెలిగింది, కరెంటు బిల్లు తీరింది, ఒక నెల అద్దెలో కొంత గట్టెక్కింది. 2020 సెప్టెంబరు నుంచి కిరాయిదారులను వెళ్లగొట్టరాదని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టింది గానీ, అద్దెను మాఫీ చేయలేదు. అది గుమ్మం బయట బుద్ధిగా పోగుపడుతూ కూర్చుంది. ఆ కుప్పను కరిగించడానికి 4,600 కోట్ల డాలర్లకు పైగా అద్దె సాయం విడిగా కేటాయించారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, దరఖాస్తులు, ఆదాయ రుజువులు, యజమాని సంతకాల మధ్య నలిగి, 2021 జూలై నెలాఖరుకు అందులో కదిలింది 510 కోట్ల డాలర్లు, అంటే నూటికి పదకొండు వంతులు.

ఆగస్టు 26న సుప్రీంకోర్టు ఆ ఆంక్షను కొట్టివేసింది. ఆ తీర్పు అమలు కావడానికి ఏ ఆదాయ రుజువూ, ఎవరి సంతకమూ జతచేయవలసిన అవసరం రాలేదు.