ప్లినీ గారి బాకీ, మా అయిదుగురి ఓడ ప్రయాణం

వచ్చే వేసవిలో మేం మధ్యధరా సముద్రంలో క్రూయిజ్ ఎక్కుతున్నాం. ఈ సంగతి నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మూడు వీధులకి ఇప్పటికే తెలుసు. మా ఆవిడ ఒక వీధికే చెప్పింది, మిగతా రెండిటికీ దానంతటదే పాకింది. అందరూ సరదాకి పోతున్నామనుకుంటున్నారు. సరదాకే అయితే మైపాడు బీచ్ ఉంది, సాయంత్రం పోయి బజ్జీలు తిని రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు, వీసా కూడా అడగరు. మేం పోతున్నది బాకీ తీర్చడానికి.

రెండు వేల ఏళ్ళ కింద రోమ్‌లో ప్లినీ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ప్రకృతిలో ఉన్నవన్నీ ఒకచోట రాసిపెడదామని కూర్చుని 37 భాగాలు రాశాడు. అందులో ఒకచోట లెక్క తీసి మరీ ఏడ్చాడు: ఇండియా ఏటా మన దగ్గర్నుంచి 5 కోట్ల సెస్టెర్స్‌లకి (అప్పటి రోమన్ నాణేలు) తక్కువ కాకుండా లాగేస్తోంది, అక్కడ కొన్న సరుకు ఇక్కడికొచ్చేసరికి నూరు రెట్లకి అమ్ముడవుతోంది అని. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో పాపం ఆయనకి తెలియలేదు. మనకి తెలుసు. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి పాత గుడి ఇటుకలు తగిలాయి, వాటి కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టినా రాణిదీ. మద్రాసు గవర్నరు వాటిని చూసి ముచ్చటపడి ఉత్తరం కూడా రాశాడు కానీ, అప్పటికే మనవాడు చెయ్యాల్సిన పని చేసేశాడు, పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా మటుకు కరిగిపోయాయి. అంటే అప్పు మనదే, సాక్ష్యాన్ని కరిగించిందీ మనమే.

ఈ దృష్టితో చూస్తే క్రూయిజ్ బ్రోచర్‌లో అర్థం కానిది ఒక్క ముక్క కూడా ఉండదు. అది వసూళ్ళ పట్టీ.

మా ఏజెంటు మొదటి రోజు చెప్పిన మాట, "అన్నీ కలిపే సార్." ఈ 'అన్నీ' అనే మాటకి అర్థం తెలుసుకోవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. వైఫై ఆ అన్నీలో లేదు. టిప్పులు లేవు, అవి తలకి రోజుకి ఇంత అని మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా ఖాతాలో పడతాయి, దాన్ని టిప్పు అని ఎందుకంటారో, శిస్తు అని ఎందుకనరో అడిగితే నవ్వాడు. మంచినీళ్ళు? "బఫేలో గ్లాసు పట్టుకుంటే ఫ్రీ సార్, భోజనం బల్ల దగ్గర సీసా అయితే కొన్ని ఓడల్లో డబ్బులు." సముద్రం మధ్యలో నీళ్ళు అమ్ముతున్నారన్నమాట. నూరు రెట్లకి మిరియాలు అమ్మినవాళ్ళం మనం, నోరెత్తకూడదు. పైగా రోమ్ ఊళ్ళో మాత్రం వీధి కొళాయిలు 2,500 దాకా ఉన్నాయి, నాసోని అంటారు, పగలూ రాత్రీ చల్లటి మంచినీళ్ళు ఊరికే పోతుంటాయి, సీసా పట్టుకోవడమే. మా ఊళ్ళో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన చేతులు నావి, ఆ మాట చదివినప్పట్నుంచి కాస్త మనసు పాడయింది.

తర్వాత గది. ఓడలో చవకగా దొరికే గదికి కిటికీ ఉండదు. మా ఆవిడ ఆ ఫొటో చూసి, "కిటికీ లేని గదిలో పడుకోవడానికి సముద్రం దాకా ఎందుకండీ, ట్రంక్ రోడ్డులో లాడ్జి చాలదా?" అంది. సరేనని బాల్కనీ గది ధర అడిగాం. అడిగాక ఒక గంట ఎవరం మాట్లాడుకోలేదు. చివరికి బాల్కనీకే ఒప్పుకున్నాం, బట్టలు ఆరేసుకోవచ్చు కదా అని. ఆరెయ్యకూడదని మొన్న తెలిసింది.

మేం అయిదుగురం. నేను, మా ఆవిడ, బావమరిది, ఆయన భార్య, మా అత్తగారు. ఐరోపాలో అయిదు అనే అంకె మీద ఏదో పగ ఉంది. హోటలు గదులు ఇద్దరికి, ఓడ గదులు ఇద్దరికి, మామూలు ట్యాక్సీ నలుగురికి. అయిదో మనిషి ఎప్పుడూ మా అత్తగారే అవుతోంది, ఆమె సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆమెని అయిదో మనిషిగా లెక్కెయ్యరు. బావమరిది ఒంగోలు వాడు, చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. ఈ ప్రయాణం ఆలోచన మొదలెట్టిందే ఆయన. "నా రాయి ఇటలీకి పోయింది బావా, నేను పోలా. ఆడ ఎవురింట్లో పరిచుండారో చూసి రావాల" అన్నాడు. రాయి కూడా మనం పంపించిందే అనే సంగతి ప్లినీ గారి లెక్కల్లో రాసి పెట్టుకోండి.

వీసాకి మనిషికి 90 యూరోలు. దానికి తోడు 30,000 యూరోలకి తగ్గని ఆరోగ్య బీమా, బ్యాంకు కాగితాలు, పన్ను కాగితాలు. ఏ దేశానికి అర్జీ పెట్టాలన్నది అసలు పరీక్ష: ఎక్కువ రోజులు ఎక్కడుంటే ఆ దేశానికి, సమానమైతే ముందు ఏ దేశంలో దిగితే దానికి. ఓడ ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ మూడూ తిరుగుతుంది, మేం వేళ్ళు మడిచి లెక్కపెట్టాం, ఇటలీ గెలిచింది. ఇక వేలిముద్రలకి చెన్నై. అయితే నెల్లూరు వాళ్ళకి ఇంకో కౌంటరు ఉంది, మిగతా దేశానికి లేనిది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి వీసా రొట్టె పట్టుకోవచ్చు. వీసా వచ్చినవాళ్ళు ఇస్తారు, కావలసినవాళ్ళు తీసుకుంటారు, వచ్చాక మళ్ళీ సంవత్సరం వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. మా బావమరిది భార్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రెండు రొట్టెలు తీసుకుంది. ఒకటి వీసాకి, ఒకటి బాల్కనీ గదికి.

ఓడ ఎక్కే రోజే విమానం దిగకూడదు, ఇది మాత్రం నిజంగా చెప్తున్నా, వ్యంగ్యం కాదు. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఒకరోజు ముందే పోయి హోటల్లో ఉండాలి. మన పెళ్ళిళ్ళలో విడిది అంటామే, అదే, కాకపోతే కాఫీ తెచ్చే ఆడపెళ్ళివారు ఉండరు. గది అద్దె ముందే కట్టేశాం కదా అనుకుంటే రోమ్‌లో ఊరి పన్ను అని తలకి, రాత్రికి ఇంత అని హోటలు కౌంటరు దగ్గర మళ్ళీ కట్టాలి. పాత భవనాల్లో లిఫ్టులో ఒక మనిషి, ఒక సూట్‌కేసు పడతారు. మా అత్తగారు పడితే సూట్‌కేసు పట్టదు.

అన్నిటికన్నా గొప్పది ట్రాన్స్‌ఫర్, అంటే ఊరికీ ఓడకీ మధ్య ప్రయాణం. బ్రోచర్ మీద 'రోమ్' అని ఉంటుంది, వెనక కొలోసియం బొమ్మ ఉంటుంది. ఓడ ఆగేది మాత్రం చివిటవెక్కియా అనే రేవులో. అక్కడికీ రోమ్‌కీ ఇంచుమించు 70 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి నాయుడుపేట అంత. 'ఫ్లోరెన్స్' అన్నచోట ఆగేది లివోర్నోలో, ఫ్లోరెన్స్ ఇంకో 90 కిలోమీటర్లు. ఈ పద్ధతి మనకి తట్టలేదు కాబట్టే వెనకబడిపోయాం. కృష్ణపట్నం రేవులో జనాన్ని దింపి "తిరుపతి వచ్చింది, దిగండి" అని ఉంటే ఈపాటికి జిల్లా ఎక్కడికో పోయేది. రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి రైలుంది, గంట అటూ ఇటూ, చవక. ఆ తర్వాత స్టేషన్ నుంచి రేవుకి బస్సు. అయిదుగురం, ఎనిమిది పెట్టెలు, ఒక మోకాళ్ళ నొప్పి. వ్యాను మాట్లాడాం. ఆ వ్యాను కిరాయికి నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి కారులో ఎన్నిసార్లు పోయిరావచ్చో బావమరిది లెక్క వేస్తుంటే, నేనే ఫోన్ లాక్కున్నాను.

భోజనాల విషయంలో మాత్రం ఓడవాళ్ళు మనవాళ్ళే. చాలా ఓడల్లో రాత్రి భోజనం రెండు బంతులు. మొదటి బంతి పెందలాడే, రెండో బంతి ఎనిమిది దాటాక. ఈ మాట విని మా ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. అయితే బల్ల నంబరు, కుర్చీ ముందే రాసిపెడతారట. దాంతో మనం పెళ్ళిళ్ళలో ఇన్నేళ్ళుగా నేర్చుకున్న విద్య, అంటే తినేవాడి కుర్చీ వెనక నిలబడి, అతను పెరుగు దాకా వచ్చాడా లేదా అని మెడ వంచి చూస్తూ, లేవగానే చేతిరుమాలు వేసే విద్య, ఒక్క దెబ్బతో పనికిరాకుండా పోయింది. పైగా వడ్డించేది ఒకదాని తర్వాత ఒకటి. ముందు ఒక ఆకు, దానికి అరగంట, తర్వాత ఇంకేదో. అన్నీ ఒకేసారి విస్తరిలో కనపడితే తప్ప మా అత్తగారికి ఆకలి వెయ్యదు. శాకాహారం కావాలని ముందే చెప్తే భారతీయ వంట ఏదో ఒకటి చేస్తారు, చెప్పాం, 'పప్పు' అని రాయించాం, రాసుకున్నవాడు ఏం రాసుకున్నాడో ఆ దేవుడికెరుక.

రైస్ కుక్కరు? ఓడలోకి రానివ్వరు, నిప్పు భయం. ఇస్త్రీ పెట్టె అంతే. నెయ్యి? ఇది వినండి. బయటి దేశాల నుంచి ఐరోపాలోకి పాల సరుకులు తేకూడదు, నెయ్యి గిద్దెడు కూడా. అదే చేపలైతే మనిషికి 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చు. నేను రెండుసార్లు చదివాను. పచ్చడన్నంలో నెయ్యి వేసుకునే గుంటూరు వాళ్ళని ఆపి, నెల్లూరు వాళ్ళకి గేటు తెరిచి పెట్టిన చట్టం ఇది, రాసినవాడి ముత్తాత ఎవరో ఇస్కపల్లి రేవులో దిగి ఉంటాడు. మామిడికాయ వేసిన చేపల పులుసు మర్నాటికే కదా అసలు రుచి, మేం రోమ్‌లో దిగేదీ మర్నాడే. ఏర్పాట్లు మొదలయ్యాక తెలిసింది, చేతి సంచీలో ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటకూడదని. ముక్కలు పోనిస్తారు, పులుసే ఆగిపోతుంది. పెద్ద పెట్టెలో పెడదామంటే అందులో మా ఆవిడ పట్టుచీరలున్నాయి. చర్చలు నడుస్తున్నాయి.

రేవుల్లో దిగి ఊరు చూడ్డానికి రెండు దారులు. ఓడవాళ్ళ బస్సులో పోతే ఎక్కువ డబ్బు, కానీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా పోతే తక్కువ డబ్బు, ఆలస్యమైతే రేవులో నిలబడి మన బాల్కనీ మనకే దూరంగా పోతుంటే చెయ్యి ఊపవచ్చు. బార్సిలోనాలో 2024 జులైలో అక్కడి జనం కొందరు 'ఈ టూరిస్టుల పోరు పడలేం' అని నీళ్ళ తుపాకులతో పర్యాటకుల మీద నీళ్ళు చల్లారు. నిరసన అట. రోహిణి కార్తెలో నెల్లూరు నుంచి పోయినవాళ్ళ మీద నీళ్ళు చల్లితే అది నిరసనగా మాకు తెలియడం కష్టం, ఇంకో చెంబు పొయ్యమని వీపు తిప్పుతాం.

ఇక నేపుల్స్. ఇక్కడే నా సిద్ధాంతానికి ఇంట్లో దెబ్బ తగిలింది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పాంపే ఊరు పూడిపోయినప్పుడు, ఈ ప్లినీ గారు ఆ సముద్రంలోనే రోమన్ నౌకాదళానికి అధిపతి. జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకుని అటే పోయి, ఒడ్డునే ప్రాణం వదిలాడు. ఇదంతా గంభీరంగా చెప్పి ముగించేసరికి మా అత్తగారు తమలపాకు మడుస్తూ, "అప్పిచ్చినోడే పోయినాక ఇంకేం అప్పయ్యా?" అంది. వారసుడున్నాడు అత్తయ్యా, మేనల్లుడిని దత్తత తీసుకున్నాడు, అన్నాను. ఆమెకి ఆ న్యాయం నచ్చింది, మా ఇంట్లో అలాంటి దత్తత కేసు ఒకటి నడిచింది లెండి.

అంతటితో ఊరుకోవచ్చు కదా, నేను ఊరుకోలేదు. పాంపే తవ్వకాల్లో 1938లో మన దేశపు ఏనుగు దంతం బొమ్మ ఒకటి దొరికింది, జానెడు ఎత్తు, నేపుల్స్ మ్యూజియంలో ఉంది, పాంపే లక్ష్మి అని పేరు పడింది, యక్షిణి అనే పండితులు కూడా ఉన్నారు అని చెప్పాను. 'యక్షిణి' దాకా ఆమె వినలేదు.

"లక్ష్మిని తీసకపోయి ఆడ కూచోబెట్టుకున్నోళ్ళకి మళ్ళీ మనం డబ్బు కట్టేదేంది?"

బావమరిది వెంటనే అందుకున్నాడు. "అది జమలో రాయించు బావా. నా రాయి కూడా."

అప్పట్నుంచి ఇంట్లో రెండు లెక్కలు నడుస్తున్నాయి. ఇంతలో ఏజెంటు ఫోన్ చేశాడు, మిగిలిన మొత్తం కట్టడానికి గడువు దగ్గర పడింది, కట్టకపోతే బాల్కనీ ఇంకెవరికో పోతుంది, టీసీఎస్ అని ఇంకో పన్ను కూడా దాంతోపాటే పట్టుకుంటారు అని. కోవూరు దగ్గర మాకు ఎకరంన్నర మాగాణి ఉంది. కౌలుదారుకి ఫోన్ చేసి ఈసారి నాగలి కాస్త లోతుగా దించమన్నాను. ట్రాక్టరుకి గంటకి ఇంకో రెండొందలు అడిగాడు.