మా మేనత్తకు నేనేమవుతాను?

మా మేనత్త సుబ్బలక్ష్మి గారికి 84 ఏళ్ళు. ఆవిడ ఆవిడేనని, ఆవిడ బతికే ఉందని, నేను ఆవిడకు అయినవాణ్ణేనని నిరూపించే పని మూడేళ్ళుగా నా నెత్తిన పడింది. మొదటిది కష్టం. రెండోది ఏటా చెయ్యాలి. మూడోది ఇంతవరకూ కుదరలేదు. అంతమాత్రాన ఈ వ్యవస్థను తిట్టిపోసేవాళ్ళలో నేను కలవను. తప్పు ముమ్మాటికీ మా మేనత్తదే. ముసలితనం వచ్చేటప్పుడు తగిన ధ్రువపత్రాలు జతచేసుకోకుండా వచ్చేసింది.

ఆవిడ గతం కూడా అంత మచ్చలేనిదేం కాదు. తెనాలిలో టెలిఫోన్ ఆపరేటరుగా 31 ఏళ్ళు చేసింది. ట్రంకు కాల్ బుక్ చేసుకునే రోజుల్లో అవతలివాళ్ళు "హలో" అనగానే "ఏం శెట్టిగారూ, ఇవాళ కూడా మద్రాసేనా?" అనేదట. గుర్తింపు కార్డు అడగలేదు, తల్లి పుట్టింటి పేరు అడగలేదు, ఓటీపీ పంపలేదు. గొంతు విని మనిషిని పోల్చుకుని తీగ గుచ్చేసింది. ఇవాళ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ధాన్యం ధరలు, పురుటి కబుర్లు, చావు వార్తలు... ఎంతమంది రహస్యాలు ఎంత అజాగ్రత్తగా సరైన చోటికే చేరిపోయాయో!

పిల్లల్లేరు. మామయ్య పోయి 11 ఏళ్ళు. ఆవిడకొచ్చే ఉత్తరాలు చదవడం, బిల్లులు కట్టడం, పింఛను పడిందో లేదో కనుక్కోవడం నా పనులు. ఉత్తరాలన్నీ ఆవిడ ఇప్పటికీ ఇనప కమ్మీకి గుచ్చి గోడకు వేలాడదీస్తుంది. బ్యాంకు కాగితాలకైతే క్యూఆర్ కోడ్ నడినెత్తిన చిల్లు. స్కాన్ చేస్తే ఫోను కాసేపు దిక్కులు చూసి ఊరుకుంటుంది.

కిందటేడు శ్రావణంలో ఒక ఉత్తరం వచ్చింది. తెచ్చిన పోస్ట్‌మాన్ అరుగు మీద కూర్చుని, ఆవిడ వాకర్ పట్టుకుని వచ్చేదాకా ఆగి, సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. విప్పి చూస్తే ఒక బ్యాంకు రాసింది. ఆవిడ ఈ చిరునామాలోనే ఉంటున్నట్టు 30 రోజుల్లో రుజువు పంపకపోతే ఖాతా ఆపేస్తారట. ఆ మాట ఇదే చిరునామాకు రాశారు. చేరింది. ఆవిడే అందుకుంది. సంతకమూ చేసింది. అయినా అది రుజువు కాదు, కరెంటు బిల్లు రుజువు. కరెంటు బిల్లు మామయ్య పేరు మీద వస్తోంది. అంటే 11 ఏళ్ళ కిందట పోయిన మామయ్య ఈ ఇంట్లోనే ఉంటున్నాడనడానికి మా దగ్గర తిరుగులేని ఆధారం ఉంది. ఆవిడకే లేదు.

ఆధార్ ఉంది కదా అంటారు. ఉంది. అక్కడే పేరు సంగతి వస్తుంది. సర్వీసు రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు, పొడి అక్షరంతో. పాస్‌బుక్కులో అత్తింటిది. ఆధార్‌లో ఇంటిపేరు తోకలా చివరికి పోయింది, సుబ్బకూ లక్ష్మికీ మధ్య ఒక ఖాళీ పడింది. ప్యాన్ కార్డులో పొడి అక్షరాలు కుదరవు కాబట్టి ఇంటిపేరును పూర్తిగా విప్పారు. విప్పడంలో ఒక అక్షరం జారిపోయింది. మొత్తానికి కంప్యూటరు దృష్టిలో మా మేనత్త నలుగురు ఆడవాళ్ళు. నలుగురూ ఒకే ఇంట్లో, ఒకే పింఛనుతో, ఏ పేచీ లేకుండా సర్దుకుపోతున్నారు. ఈ నలుగురూ ఒక్కరేనని నోటరీ దగ్గర స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించాం. దాని కింద నలుగురిలో ఎవరు సంతకం పెట్టాలన్న దగ్గర పని ఆగింది.

ఇక నా సంగతి. ఫారంలో "ఖాతాదారుకు మీరేమవుతారు?" అన్న గడి నొక్కితే కిందికి ఒక జాబితా జారుతుంది. భార్య, భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు. ఆ తర్వాత "ఇతరులు". నాకు పలక కొనిపెట్టి, చెయ్యి పట్టుకుని ఓనమాలు దిద్దించిన మనిషికి నేను ఇతరులు. పిన్ని, పెద్దమ్మ, మేనత్త, మేనమామ, తోడల్లుడు, తోటికోడలు, వియ్యంకుడు అంటూ తెలుగువాళ్ళం చుట్టరికానికి ఇన్ని పేర్లు పెట్టుకుని వేల ఏళ్ళు అనవసరంగా శ్రమపడ్డాం. కౌంటరులో కుర్రాడు పొరుగు రాష్ట్రంవాడు, మంచివాడు. "నెఫ్యూనా సార్?" అన్నాడు. ఔనన్నాను. "అక్క కొడుకా, అన్న కొడుకా?" తమ్ముడి కొడుకునన్నాను. "ప్రూఫ్?" అన్నాడు.

రుజువంటే, ఆవిడకూ మా నాన్నకూ తండ్రి ఒక్కడేనని చూపించాలి. మా తాతయ్య 1968లో పోయాడు. తనకు ఇద్దరు పిల్లలున్నారని ఆయన ఏ గెజిటెడ్ అధికారి ఎదుటా ఒప్పుకుని పోలేదు.

బతికున్నట్టు నిరూపించడం దీనికంటే కొంత నయం. పింఛనుదారులు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చి, ఎవరి ఎదుటో వెళ్ళి నిలబడే తిప్పలు తప్పించింది. వేలిముద్ర వేస్తే చాలు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇస్తారు. 80 దాటినవాళ్ళకు అందులో ఒక ప్రత్యేక మర్యాద ఉంది, అక్టోబరు 1 నుంచే ఇచ్చుకోవచ్చు. ఆ వయసువాళ్ళను నవంబరు దాకా ఆగమనడం ఎవరికైనా మొహమాటమే.

చిక్కల్లా వేళ్ళ దగ్గర వచ్చింది. మా మేనత్త పప్పు రుబ్బీ, అంట్లు తోమీ, 31 ఏళ్ళు తీగలు పీకి గుచ్చీ వేలిముద్రలను వాడి పారేసింది. ఇంత విలువైన ఆస్తిని పొదుపుగా వాడుకోవాలన్న జ్ఞానం లేకపోయింది. మిషను మీద బొటనవేలు పెడితే ఎర్రలైటు. చీర చెంగుతో తుడిచి పెడితే ఎర్రలైటు. తడిగుడ్డతో తుడిచాం, కొబ్బరినూనె రాశాం, మళ్ళీ తుడిచాం. "గట్టిగా నొక్కండమ్మా" అన్నాడు ఆపరేటరు. నొక్కింది. మిషను బల్ల మీద జరిగిపోయింది గానీ లైటు మారలేదు. పదివేళ్ళూ అయ్యాయి. ఎడమచేతి చిటికెనవేలు దగ్గర కాస్త ఆశ పుట్టి, అంతలోనే చచ్చిపోయింది.

2021లో ముఖం చూసి పోల్చే పద్ధతి కూడా పెట్టారు. సరే, ఆవిణ్ణి కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి ఫోను ముందు పెట్టాను. గుండ్రటి గీతలో ముఖం ఉంచి కళ్ళార్పమంది యాప్.

"కళ్ళార్పు అత్తా."

"ఎందుకురా?"

"నువ్వు బతికున్నావని దానికి తెలియాలి."

"ఇందాకణ్ణుంచి మాట్లాడుతూనే ఉన్నానుగా!"

"మాటలు లెక్కలోకి రావు."

ఆవిడ ఫోను వంక ఉరిమి చూసింది. శుక్లాల ఆపరేషను అయినప్పటినుంచి ఆవిడ చూపు మహా నిలకడ, రెప్ప పడదు. మూడోసారికి నేను వంగి ముఖం మీద ఉఫ్ అని ఊదాను. రెప్ప పడింది. సర్టిఫికెట్ వచ్చింది. ఊదడం గురించి నియమాల్లో ఎక్కడా లేదు. ఎవరైనా అడిగితే ఫ్యాను గాలి అని చెప్పదలచుకున్నాను.

ఫోను వ్యవహారం ఇంకొకటి. ఒక ఇన్సూరెన్సు కంపెనీ కాల్ సెంటర్ అమ్మాయి "పాలసీదారుతోనే మాట్లాడతాం సార్" అంది. సబబే. స్పీకర్ పెట్టాను. మా మేనత్తకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవి తనకు నచ్చినప్పుడు పనిచేస్తుంది. ఆ పిల్ల పుట్టినతేదీ అడిగింది. నేను చెవి దగ్గర అరిచాను. "సార్, మీరు అందించకూడదు" అంది. అందించింది ప్రశ్నేనమ్మా, జవాబు కాదన్నాను. ఈలోగా మా మేనత్త గొంతు సవరించుకుని ఉన్న నిజం చెప్పేసింది. "పుష్యమాసం, భోగికి రెండ్రోజుల ముందు, తెల్లారుజామున." తప్పు. రికార్డు ప్రకారం ఆవిడ జులై 1న పుట్టింది. ఆ యేడు బళ్ళో చేరిన పిల్లల్లో సగం మందిని హెడ్మాస్టరుగారు అదే రోజున పుట్టించారు. మూడు తప్పులయ్యేసరికి పాలసీ 24 గంటలు లాక్ అయింది. మా మేనత్త పాత అలవాటుకొద్దీ "లైన్లో ఉండండి" అంది. వాళ్ళు ఉండలేదు. మేనత్తకిచ్చిన మాట కోసం కృష్ణుడు శిశుపాలుడి తప్పులు వంద కాశాడు. కంపెనీకి మేనత్తలు లేరు కాబట్టి మూడుతో సరిపెట్టుకుంది.

ఇంతటి అనుమానం ఊరికే పుట్టిందని ఎవరూ అనుకోవద్దు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాలో లాల్ బిహారీ అనే ఆయన్ను 1970లలో భూమి కోసం అయినవాళ్ళే రెవెన్యూ రికార్డుల్లో చంపేశారు. బ్యాంకు అప్పు కోసం కాగితాలు తెచ్చుకోబోతే, తాను పోయిన సంగతి ఆయనకు తెలిసింది. పేరు చివర "మృతక్" అని తగిలించుకున్నాడు, తనలాంటి చచ్చినవాళ్ళతో సంఘం పెట్టాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు. 1994లో గానీ రికార్డుల్లో బతకలేదు. 2003లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసేవాళ్ళకిచ్చే సరదా నోబెల్, కూడా ఇచ్చారు. కాబట్టి ముసలివాళ్ళ ఇంటి చుట్టూ తిరిగే మేనల్లుణ్ణి అనుమానించడం ధర్మమే. నాకున్న సందేహం చిన్నది. ఆస్తి కొట్టేయదలచినవాడు కాగితాలన్నీ సిద్ధం చేసుకునే వస్తాడు. మందుల చీటీ, కరివేపాకు కట్ట పట్టుకుని కౌంటరు ముందు నిలబడేవాడి దగ్గరే ఏ కాగితమూ ఉండదు.

వకీలుగారు పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకోమన్నారు. దాని చట్టం 1882 నాటిది, దాన్ని కాసే కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. పాత బియ్యంలాంటివి. ఆ 1872 చట్టం 201వ సెక్షనులో ఒక నాజూకు ఉంది. రాసిచ్చిన మనిషి పోయినా, మతి తప్పినా ఆ అధికారం రద్దవుతుంది. అంటే మా మేనత్త తన పనులు తాను శుభ్రంగా చేసుకోగలిగినంత కాలం ఆవిడ బదులు నేను చేయవచ్చు. ఆవిడ చేసుకోలేని రోజు వచ్చిందా, నేనూ చేయకూడదు. వాన పడేదాకా గొడుగు వేసుకుని తిరిగి, చినుకు పడగానే మడిచెయ్యడమన్నమాట. ఆ పైన కోర్టుకెక్కాలి. కోమాలో ఉన్నవాళ్ళకు సంరక్షకుణ్ణి పెట్టే చట్టమంటూ ఏదీ లేకపోవడంతో 2019లో కేరళ హైకోర్టు తానే మార్గదర్శకాలు రాయాల్సి వచ్చింది.

రిజర్వు బ్యాంకుకు మాత్రం దయ ఉంది. మంచం పట్టి సంతకమూ, చేతి వేలిముద్రా వేయలేనివాళ్ళు కాలి వేలిముద్ర వేయవచ్చు. నేను వెటకారమాడటం లేదు, ఉన్న నిబంధనే. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. 70 దాటినవాళ్ళకు ఇంటికే వెళ్ళి సేవలందించమని కూడా 2017లో చెప్పింది. ఈ రెండు మాటలూ కౌంటరు దగ్గర అంటే, ఆ కుర్రాడు నేను ఇప్పుడే అల్లి చెబుతున్నట్టు చూశాడు.

ఇన్నాళ్ళలో మమ్మల్ని ఏ కాగితమూ అడగనివాడు ఒక్కడే తగిలాడు. మొన్న సంక్రాంతి ముందు ఫోన్ చేశాడు. "సుబ్బలక్ష్మి గారి ఇల్లేనా అండీ?" అన్నాడు, మధ్యలో ఖాళీ లేకుండా, ఇంటిపేరుతో సహా. పింఛను ఏ బ్యాంకులో పడుతుందో తెలుసు, చిరునామా గొడవ సంగతీ తెలుసు. మీరెవరన్నాడు. మేనల్లుణ్ణన్నాను. వెంటనే నమ్మేశాడు! నాకు కళ్ళు చెమర్చాయి. ఓటీపీ చెబితే ఐదు నిమిషాల్లో అంతా సరిచేస్తానన్నాడు. అంతటి మర్యాదస్తుణ్ణి నొప్పించి, సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరుకు ఫోన్ చేయాల్సి వచ్చింది.

ఆ రోజే మా మేనత్తకు గట్టిగా చెప్పాను, ఫోనులో ఎవరినీ నమ్మొద్దని. బుద్ధిగా వింది. కిందటి వారం నా ఫోను చార్జింగ్ అయిపోతే ఆఫీసు నంబరు నుంచి చేశాను.

"నేనే అత్తా."

"నేనంటే?"

"గొంతు పోల్చుకోలేదా?"

"గొంతులు కంప్యూటర్లో తయారుచేస్తున్నారట, పేపర్లో రాశాడు. చిన్నప్పుడు మా ఇంట్లో పగలగొట్టిన జాడీ ఏది?"

"మాగాయ జాడీ."

"కాదు" అని పెట్టేసింది.

ఇంకా రెండు అవకాశాలున్నాయి. ఆవకాయ అని చెప్పి చూస్తాను. నాకు బాగా గుర్తు, అది మాగాయే. కానీ రికార్డు ఆవిడ దగ్గరుంది.