పక్కపక్క జైళ్లు, వేర్వేరు ఫలితాలు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రాంక్లిన్, హాంప్‌షైర్ ఇరుగుపొరుగు కౌంటీలు (మన జిల్లాల లాంటివి). హెరాయిన్ లాంటి ఓపియాయిడ్లకు బానిసలైన ఖైదీలకు ఆ తహతహ తగ్గించే బ్యూప్రెనార్ఫిన్ అనే మందును ఫ్రాంక్లిన్ జైలు 2016లోనే ఇవ్వడం మొదలుపెట్టింది. హాంప్‌షైర్ జైలు 2019 దాకా ఇవ్వలేదు. 2015-19 మధ్య ఈ రెండు జైళ్ల నుంచి విడుదలైన 469 మందిని పరిశోధకులు పోల్చి, 2022లో ఫలితాలు ప్రచురించారు. కొత్త కేసో, ప్రొబేషన్ (షరతులతో బయట ఉండనివ్వడం) ఉల్లంఘనో, మళ్లీ జైలో... ఏదో ఒకటి ఎదురైనవారు హాంప్‌షైర్‌లో 63 శాతం, ఫ్రాంక్లిన్‌లో 48 శాతం.

48 శాతమూ తక్కువేం కాదు. అయినా నాలుక కింద పెట్టుకునే ఒక మందుతో ఇంత తేడా వస్తుంటే, దాన్ని ఇవ్వకపోవడాన్ని క్రమశిక్షణ అని నేను అనలేను.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నారని కొందరి అభ్యంతరం. ఈ మందు సరైన మోతాదులో మత్తెక్కించదు. ఒళ్లు నొప్పులు, వాంతులు, మత్తు కోసం తహతహ తగ్గిస్తుంది. మందు లేకుండా జైల్లో బలవంతంగా మాన్పిస్తే తహతహ అలాగే ఉంటుంది, పాత మోతాదును తట్టుకునే శక్తి మాత్రం పోతుంది. బయటికెళ్లి అదే మోతాదు తీసుకుంటే ప్రాణం పోవచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైనవారు మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు సాధారణ ప్రజలకన్నా 129 రెట్లు ఎక్కువని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. రోడ్ ఐలాండ్ రాష్ట్రం 2016లో తన జైళ్లన్నింటిలో ఈ తరహా మందులు అందుబాటులోకి తెచ్చింది. అవి మొదలయ్యేముందు, ఆ ఏడాది తొలి ఆరు నెలల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయినవారిలో 26 మంది అంతకుముందు ఏడాదిలోపు జైలు నుంచి వచ్చినవారు. 2017లో అదే ఆరు నెలల్లో ఆ సంఖ్య 9.

మందులు చేతులు మారతాయన్న జైలు సిబ్బంది టెన్షన్ నిజమైనదే. అందుకు దగ్గరుండి మందును నాలుక కింద పెట్టించాలి, కరిగాక నోరు చూడాలి. సిబ్బందిని పెంచాలి.

అయితే చికిత్స అన్న పేరుంటే చాలదు. కాలిఫోర్నియా 1989 నుంచి జైళ్లలో డ్రగ్స్ మాన్పించే కార్యక్రమాలపై దాదాపు 100 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. ఆ డబ్బు వృథా అయిందని 2007లో జైళ్ల పనితీరును తనిఖీ చేసే ఆ రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ జనరలే రాశారు. లోపల క్లాసులు తరచూ ఆగిపోయేవి, బయట చికిత్స కొనసాగేది చాలా కొద్దిమందికే. అదే రాష్ట్రం, విడుదలకు 90 రోజుల ముందు నుంచే ప్రభుత్వ ఆరోగ్య బీమా వర్తించేలా 2023లో దేశంలోనే తొలి అనుమతి తెచ్చుకుంది. ఇంకా పట్టని రాష్ట్రాలూ ఆ బాట పట్టాలి. గేటు దాటే ప్రతి ఒక్కరి చేతిలో మరుసటి రోజు క్లినిక్ అపాయింట్‌మెంట్, అప్పటిదాకా సరిపడా మందు ఉండాలి.