ఎందుకని అడగొద్దు, బ్యాండ్ పోతది

ఇంగ్లిష్ పరీక్ష అంటే వ్యాకరణమో, వ్యాసమో అనుకునేవాణ్ణి. మా అన్న కొడుకు హన్మకొండలో ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకు పోవాలంటే రాసే ఇంగ్లిష్ పరీక్ష) కోచింగ్‌కు పోవుడు మొదలుపెట్టిన తర్వాత తెలిసింది, అందులో సగం గీతలు చూసుడే అని. అందులో వచ్చే మార్కును బ్యాండ్ అంటారు, పై బ్యాండ్ 9. అకడమిక్ రైటింగ్‌లో మొదటి ప్రశ్నకు ఒక బొమ్మ ఇస్తారు. లైన్ గ్రాఫో, బార్ చార్టో, పై చార్టో, ఒక్కోసారి ఊరి పటమో. దాన్ని చూసి 20 నిమిషాల్లో కనీసం 150 పదాలు రాయాలి. గీత ఎక్కడ లేచింది, ఎక్కడ పడ్డది, ఏది దేనికంటే ఎక్కువ, అంతవరకే. ఎందుకు లేచిందో, ఎందుకు పడ్డదో రాయొద్దు. బొమ్మలో లేని కారణం తప్పు, సొంత అభిప్రాయం ఇంకా పెద్ద తప్పు.

మొదట నాకు మండింది. కారణం చెప్పకుండా ఓరుగల్లు మనిషి ఎట్లా బతుకుతాడు? కరెంటు పోతే ఎందుకు పోయిందో లైన్‌మెన్ కంటే ముందు మా గల్లీ అరుగు మీద తేలుతుంది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, ఇంత గొప్ప విద్య మనదాకా ఇన్నాళ్లు ఎందుకు రాలేదా అనిపించింది. (ఎందుకు అనొద్దు కదా, మన్నించాలి.)

ఈ విద్య ఎంత పనికొస్తుందో మిర్చి యార్డులో కళ్లారా చూశాను. నర్సంపేట దిక్కు పండిన కాయ. మా అన్న కుప్ప పక్కన బస్తా మీద కూర్చున్నాడు. పిల్లగాడు ఇంకో బస్తా మీద నోట్‌బుక్కు తెరుచుకుని ఉన్నాడు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు పై ధర తేల్చే వేలం, అయింది. ఎవరో ఒక్క రైతు కాయకు పలికిన ధర అది, పేపర్లో ఫొటో కూడా దానికే. అక్కడి నుంచి మా అన్న కుప్ప దాకా నడిచొచ్చేసరికి ఆ ధర బాగా అలసిపోయింది. కొనేటాయన పిడికెడు కాయలు తీసి చూసి, "తాలు ఉంది, తేమ ఉంది" అని ఒక అంకె చెప్పాడు.

"ఎందుకు తగ్గిందిరా?" అన్నాడు అన్న, కొడుకు దిక్కు తిరిగి.

"ఓవరాల్‌గా చెప్పాలంటే, ధర పొద్దున శిఖరాన్ని తాకి, మధ్యాహ్నానికి గణనీయంగా క్షీణించింది బాపూ. ఎందుకనేది అడగొద్దు. కారణం రాస్తే బ్యాండ్ పోతది."

కొనేటాయన ముఖం వెలిగిపోయింది. "పిల్లగాడు మంచిగ చదువుతున్నడే" అన్నాడు.

ఓవరాల్ అనే మాటను తక్కువ చేయకండి. మొత్తం బొమ్మను ఒకటి రెండు వాక్యాల్లో చెప్పే ఓవర్‌వ్యూ లేకుంటే ఆ భాగంలో 5 బ్యాండ్ దాటుడు కష్టం. మావాడు అందుకోసం తలగడ కింద ఇంగ్లిష్ క్రియల పట్టీ పెట్టుకుని పడుకుంటాడు. మిర్చి రేటుకు మనవాళ్లు ఎగబాకుడు, కుదురుకునుడు, జారుడు, కూలబడుడు అని ఎప్పుడో పెట్టేసుకున్నారు. వీటికి మార్కులు మాత్రం లేవు.

ఈ పద్ధతిని ఊరంతటికీ వర్తింపజేయాలని నా విన్నపం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరద నీళ్లు మన కాలనీల్లోకి వచ్చాయి. రెండు కడ్డీల బార్ చార్ట్ గీయండి, పోలిక రాయండి, ఎవరికీ నొప్పి లేదు. నాలా మీద ఎవరి గోడ ఉందో రాశారా, ప్రశ్న అర్థం కానట్టే లెక్క. మన దగ్గర చాలామంది పెద్దలు ఏ కోచింగూ లేకుండానే ఇందులో 9 బ్యాండ్ స్థాయిలో ఉన్నారు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. అదే పరీక్షలో రెండో ప్రశ్న ఉంది. 40 నిమిషాలు, 250 పదాలు, విలువ మొదటిదానికి రెట్టింపు. అక్కడ అభిప్రాయం చెప్పొచ్చు, కారణాలు చెప్పకుంటేనే మార్కులు పోతాయి. పిల్లగాడు ఈ సంగతి చెప్పగానే మా అన్న తువ్వాల దులుపుకుని లేచాడు.

"అయితే ఆ రెండోది ఆయనతోని రాయిపియ్యిరా" అని కొనేటాయన దిక్కు చెయ్యి చూపించాడు.

అప్పటికే కాంటా అయిపోయింది.