చవక తిండి, ఇరుకు బోను

ఫారాల్లో పెంచే జీవాలకు కాస్త జాగా ఇవ్వాలని, కాస్త కదలనివ్వాలని చట్టం తెస్తామనగానే ఎదురయ్యే మొదటి అభ్యంతరం ధరల గురించే. గుడ్డు, మాంసం ఖరీదవుతాయంటారు. అవుతాయి. జంతు సంక్షేమం కోరేవాళ్లలో కొందరు ఈ సంగతి రాగానే మాట దాటేస్తుంటారు గానీ, దానివల్ల వాదన బలపడకపోగా ఉన్న నమ్మకం కాస్తా పోతుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం: ఇలాంటి చట్టాలు కావాలి. అయితే ఇప్పటిదాకా వచ్చినవాటిలో కొన్ని భారాన్ని వేయకూడని చోట వేశాయి.

ముందు ఆ బోనులో ఏముందో చూద్దాం. ఐరోపా సమాఖ్యలో 2012కు ముందు బ్యాటరీ బోనులో, అంటే గుడ్ల కోళ్లను వరసగా కుక్కి పెంచే తీగల బోనులో, ఒక్కో కోడికి దక్కిన కనీస జాగా 550 చదరపు సెంటీమీటర్లు. ప్రింటు తీసుకునే ఏ4 కాగితమే దాదాపు 624 ఉంటుంది. అంతటి చోట రెక్క విప్పడం కుదరదు. కాళ్ల కింద వాలుగా తీగల జాలీ, పెట్టిన గుడ్డు దొర్లిపోవడానికి. గుడ్డు పెట్టే ముందు ఏ కోడైనా చాటు వెతుక్కుంటుంది, అటూ ఇటూ తిరుగుతుంది, గడ్డీగాదం కాళ్లతో కెలికి గుంట చేసుకుంటుంది. బోనులో చాటూ లేదు, గడ్డీ లేదు. ఆ ఆరాటం మాత్రం గుడ్డు వచ్చిన ప్రతిసారీ వస్తూనే ఉంటుంది. పెంకు కోసం ఎముకల్లోని కాల్షియం తరిగిపోతుంది, కదలిక లేక అవి మరింత పెళుసుబారతాయి. చివరికి బోనులోంచి బయటికి లాగేటప్పుడు కొన్నిటికి కాళ్లో రెక్కలో విరుగుతాయి.

చూడి పందిని ఉంచే ఇనుప అర సుమారు 2 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. పంది ఈనడానికి దాదాపు 114 రోజులు పడుతుంది. ఆ అరలో ఉన్నన్నాళ్లూ లేవడం, పడుకోవడమే తప్ప వెనక్కి తిరగడం ఉండదు. ఊచలు కొరుకుతూ, నోట్లో ఏమీ లేకపోయినా నములుతూ గడిపేస్తుంది. ఎద్దు పుండు కాకికి ముద్దు. చవక ధర వెనక ఉన్న ఈ ఖర్చు ఏ రసీదులోనూ కనబడదు.

ఇక కనబడే ఖర్చు సంగతి. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనం మూడు రకాల షెడ్లను పోల్చి చూసింది. మామూలు బోనులతో పోలిస్తే, గూడూ వాలే కర్రా ఉన్న పెద్ద బోనుల్లో డజను గుడ్ల ఉత్పత్తి ఖర్చు 13 శాతం, అసలు బోనులే లేని అంతస్తుల షెడ్డులో 36 శాతం ఎక్కువని తేలింది. షెడ్డుకు పెట్టుబడి ఎక్కువ, పనివాళ్లు ఎక్కువ, నేల మీద పెట్టిన గుడ్లను చేత్తో ఏరాలి. కాబట్టి ఖర్చు పైసల్లో పోతుందని చెప్పేవాళ్లను నమ్మనక్కర్లేదు. రెట్టింపవుతుందని బెదిరించేవాళ్లను కూడా.

కాలిఫోర్నియా అనుభవం ఇంకా ఆసక్తికరం. 2018లో నేరుగా ప్రజల ఓటుకు పెట్టిన ప్రొపోజిషన్ 12 అనే చట్టాన్ని దాదాపు 63 శాతం ఓటర్లు ఆమోదించారు. కోళ్లకు బోనులు ఉండకూడదు, చూడి పందికి కనీసం 24 చదరపు అడుగులు ఉండాలి. అలా పెంచని జంతువుల గుడ్లు, మాంసం ఆ రాష్ట్రంలో అమ్మడానికి వీల్లేదు. ఈ నిబంధనలు అమల్లోకి వచ్చాక, చట్టం కిందికి వచ్చే పంది మాంసం ధరలు అక్కడ సగటున 20 శాతం పెరిగాయని అమెరికా వ్యవసాయ శాఖ ఆర్థికవేత్తలు 2024లో తేల్చారు. కైమా, సాసేజ్‌లు ఈ చట్టం పరిధిలోకి రావు. అంటే చవకగా కొనుక్కునే దారి పూర్తిగా మూసుకుపోలేదు.

అనుకూలంగా ఓటేసినవాళ్లే దుకాణానికి వెళ్లి చవకవి కొంటారని కొందరు ఎగతాళి చేస్తారు. మాకది కపటంగా కనిపించదు. ఒంటరిగా ఎక్కువ పెట్టి కొంటే తన జేబుకు చిల్లు పడడం తప్ప బోనుల్లో మార్పేమీ రాదని కొనేవాడికి తెలుసు. అందరూ కలిసి పెడతామంటే తానూ పెట్టడానికి సిద్ధమే. చట్టం అవసరం పడేది సరిగ్గా ఇక్కడే.

అయితే ఆ చట్టం దేన్ని పట్టుకుంటుందన్నది ముఖ్యం. బ్రిటన్ 1999లో చూడి పందుల అరలను నిషేధించింది. పెంపకాన్ని నిషేధించింది గానీ, అలా పెంచిన మాంసం బయటి నుంచి రావడాన్ని ఆపలేదు. తర్వాతి పదేళ్లలో అక్కడి పందుల సంఖ్య బాగా పడిపోయింది. దీనికి చట్టం ఒక్కటే కారణం కాదు. పౌండు బలపడడం, 2001లో గాలికుంటు వ్యాధి కూడా దెబ్బతీశాయి. కానీ అరలు వాడే పొరుగు దేశాల మాంసం వచ్చి ఆ ఖాళీని నింపింది. స్వదేశీ రైతు మునిగాడు, పందికి ఒరిగిందేమీ లేదు. కాలిఫోర్నియా మాత్రం అమ్మకాన్నే పట్టుకుంది. ఆ రాష్ట్రంలో తినే పంది మాంసం దాదాపు అంతా బయటి నుంచే వస్తుంది గనక పరిశ్రమ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 మేలో 5-4 తీర్పుతో చట్టం నిలిచింది. సొంత రైతుకో నియమం, దిగుమతిదారుకో నియమం ఉండే చట్టం కన్నా లేని చట్టమే నయం.

పేదల మాటేమిటి? ఆదాయంలో తిండికి పెట్టే వాటా పేద ఇంట్లోనే ఎక్కువ, కాబట్టి 20 శాతం పెరుగుదల అక్కడే ఎక్కువ కొరుకుతుంది. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చలేం. కానీ బోను వల్ల వచ్చే చవక పేదవాడికీ కోటీశ్వరుడికీ ఒకే రేటున దక్కుతుంది. పేదలకు సాయపడాలనుకుంటే బడి భోజనాల బడ్జెట్ పెంచొచ్చు, ఆహార సాయాన్ని పెంచొచ్చు. పేదల పేరు చెప్పి బోనులను కాపాడేవాళ్లలో ఎందరు ఆ బడ్జెట్ల కోసం నోరు విప్పారో చూడాలి.

2025 మార్చిలో అమెరికాలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు చేరినప్పుడు నింద చట్టాల మీదకీ వెళ్లింది. అసలు కారణం బర్డ్ ఫ్లూ, దానివల్ల పోయిన కోట్ల కోళ్లు. అయితే బోను గుడ్లను రానివ్వని రాష్ట్రాల్లో కొరత ఇంకాస్త బిగిసిన మాటా నిజమే. నెవాడా తన నిబంధనను 120 రోజుల దాకా పక్కనపెట్టే వీలు కల్పిస్తూ ఆ ఫిబ్రవరిలోనే చట్టం చేసింది. ముగింపు తేదీ ఉన్నంతవరకు ఇలాంటి సడలింపు తప్పు కాదు.

బోను తీసేస్తే అంతా సర్దుకుంటుందన్న భ్రమ కూడా వద్దు. పెద్ద మందల్లో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఎగిరి కర్రలకు తగిలి రొమ్ము ఎముకలు విరగ్గొట్టుకుంటాయి. ఇన్‌స్పెక్టర్ చేతిలో టేపు ఉంది కాబట్టి చట్టాలు సెంటీమీటర్లు కొలుస్తున్నాయి. విరిగిన ఎముకలను, ఊడిన ఈకలను కూడా లెక్కపెట్టాలి.

రైతు సంగతికొస్తే, అతనికి కావాల్సింది ఖాయమైన తేదీ. ఐరోపా సమాఖ్య 1999లో కోళ్ల మామూలు బోనులను నిషేధిస్తూ చట్టం చేసి పన్నెండేళ్లకు పైగా గడువిచ్చింది. అయినా 2012 జనవరి నాటికి 13 సభ్యదేశాలు సిద్ధం కాలేదు. అప్పు చేసి షెడ్డు మార్చుకున్నవాడు, మార్చుకోనివాడితో అదే మార్కెట్‌లో పోటీ పడ్డాడు. బోనులన్నిటినీ ఎత్తేయాలని దాదాపు 14 లక్షల మంది సంతకాలు చేస్తే, 2023 చివరికల్లా ప్రతిపాదన తెస్తామని ఐరోపా కమిషన్ 2021లో మాటిచ్చింది. ఆ గడువు దాటిపోయింది. షెడ్డు కట్టేది ఒక్క ఏడాది కోసం కాదు. పాతబడ్డ బోనుల చోట మళ్లీ బోనులే పెట్టాలా, అప్పు చేసి కొత్త పద్ధతికి మారాలా అని రైతు అడిగితే జవాబు చెప్పాల్సింది ప్రభుత్వాలే. ఆ జవాబు ఆలస్యమైన ప్రతి ఏడాదీ వడ్డీ కట్టేది మాత్రం రైతే.